మంచు గాడిలో పడాలంటే: నలభై దాటాక క్రాస్ కంట్రీ స్కీయింగ్

మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చాలామంది నవంబరు రాగానే ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంటారు, మళ్ళీ బయట ఊరికే తిరిగేది ఏప్రిల్లోనే. నేనూ తొమ్మిదేళ్ళు అంతే. ఆఫీసు, ఇల్లు, గ్రోసరీ, ఆదివారం గుడి, మధ్యలో కారు హీటరు. మా అబ్బాయి హైస్కూల్లో నార్డిక్ (అంటే క్రాస్ కంట్రీ) స్కీ టీమ్‌లో చేరాక వాణ్ణి సాయంత్రాలు ఎల్మ్ క్రీక్ పార్కులో దింపి గంటన్నర కారులోనే కూర్చోవాల్సి వచ్చేది. అద్దంలోంచి చూస్తే అరవై, డెబ్బై ఏళ్ళ వాళ్ళు, టోపీ కింద తెల్లజుట్టు కనిపిస్తూ, లైట్ల వెలుగులో చప్పుడు లేకుండా జారుకుంటూ పోతుండేవాళ్ళు. వాళ్ళ ముఖాల్లో చలి బాధ కనిపించేది కాదు. రెండు వారాలు చూశాక ఓ రోజు ఇంజిన్ ఆపి దిగి, లోపలికెళ్ళి పెద్దవాళ్ళకి క్లాసులు ఉన్నాయా అని అడిగాను. అప్పటికి నాకు 42 ఏళ్ళు. ఇది నా ఐదో చలికాలం.

ఇది మనలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. చిన్నప్పుడు మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే పొలాల మీద పరుచుకునే పొగమంచు మాత్రమే తెలిసి, పాతికో ముప్పయ్యో దాటాక మొదటిసారి స్నో చూసినవాళ్ళ కోసం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళ సలహాలు మనకి సగమే పనికొస్తాయి. ఒంటికాలి మీద జారడం వాళ్ళకి నడకంత సహజం, అది విడిగా నేర్పాల్సిన విషయమని వాళ్ళకి తట్టదు. నాకు అర్థమైనంతవరకు మొత్తం విద్య అక్కడే ఉంది. మీ బరువంతా ఒక స్కీ మీద పెట్టడం, తర్వాత అంతా రెండో స్కీ మీదకి మార్చడం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు ఇంట్లోవాళ్ళ భయం సంగతి. స్కీయింగ్ అనగానే "మోకాళ్ళు విరుగుతాయేమో" అంటారు. లిఫ్టులో కొండెక్కి కిందికి దూసుకొచ్చే స్కీయింగ్ వేరు, ఇది వేరు. క్రాస్ కంట్రీలో స్కీలు సన్నగా, తేలిగ్గా ఉంటాయి, బూటు ముందు వేళ్ళ దగ్గర మాత్రమే స్కీకి తగులుకుంటుంది, మడమ పైకి లేస్తుంది. లిఫ్టు ఉండదు, మీ కాళ్ళే ఎక్కించాలి, మీ కాళ్ళే దింపాలి. వేగం తక్కువ కాబట్టి పడినా చాలావరకు మంచులో చతికిలపడినట్టే ఉంటుంది. అలాగని దెబ్బలే తగలవని అనను. మోకాలికో నడుముకో ఇదివరకే సమస్య ఉన్నా, గుండెకో బీపీకో మందులు వాడుతున్నా డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి, ఎందుకంటే చేతులు, కాళ్ళు, పొట్ట, వీపు అన్నీ ఒకేసారి పనిచేసే ఆట ఇది, గుండె వేగం మీరు అనుకున్నదానికన్నా తొందరగా పెరుగుతుంది.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. క్లాసిక్ అంటే బాటని చదును చేసే గ్రూమింగ్ మెషిన్ మంచులో వేసి వెళ్ళిన జంట గాడిలో రెండు స్కీలు పెట్టి, నడకలాగే ఒక కాలి తర్వాత ఒక కాలు ముందుకు పంపుతూ జారడం. మన ఊళ్ళలో ఎడ్లబండి తిరిగి తిరిగి పడిన గాడి చూసినవాళ్ళకి ఆ బాట చూడగానే అర్థమైపోతుంది, స్కీ ఒకసారి అందులో పడితే పక్కకి పోదు. స్కేట్ అంటే గాడి పక్కన, దువ్వెనతో దువ్వినట్టు సన్నటి చారలతో చదునుగా ఉండే వెడల్పు బాట మీద, ఐస్ స్కేటింగ్‌లాగా కాళ్ళని ఇంగ్లీషు ‘వీ’ అక్షరంలా విప్పి తోసుకుంటూ పోవడం. చూడ్డానికి స్కేట్ బ్రహ్మాండంగా ఉంటుంది, పిల్లలు అటే లాగుతారు. కానీ మొదటి సీజన్ క్లాసిక్ చేయండి, ఇందులో నేను రాజీపడను. స్కేట్‌లో బ్యాలెన్స్ లేకపోతే మెల్లగా పోవడమనేదే లేదు, వంద అడుగులకే ఊపిరి అందదు. క్లాసిక్‌లో ఏమీ రాకపోయినా నడుచుకుంటూ ఇంటికి చేరొచ్చు, నడకే మెల్లమెల్లగా జారుడుగా మారుతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి

ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్) ఉన్నవాళ్ళది అదృష్టమనే చెప్పాలి. మేపుల్ గ్రోవ్‌లో మన గుడి ఉంది కదా, ఎల్మ్ క్రీక్ ఉన్నది కూడా ఆ ఊళ్ళోనే. బ్లూమింగ్టన్ వైపు ఉన్నవాళ్ళకి హైలండ్ లేక్, ఊరి మధ్యలో ఉన్నవాళ్ళకి థియోడర్ వర్త్ పార్కు. ఈ మూడు చోట్లా ఆకాశం నుంచి మంచు పడకపోయినా మెషిన్లతో మంచు తయారుచేసి కొంత బాట పరుస్తారు, రాత్రిపూట లైట్లుంటాయి. ఇది చిన్న విషయం కాదు. డిసెంబర్లో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది, లైట్లు లేకపోతే ఉద్యోగం చేసేవాళ్ళకి వారంలో ఒక్క రోజు కూడా కుదరదు. థియోడర్ వర్త్‌లోనే 2024 ఫిబ్రవరిలో ప్రపంచ కప్ రేసులు జరిగాయి, ఇక్కడికి దగ్గర్లోని ఆఫ్టన్‌లో పెరిగిన జెస్సీ డిగ్గిన్స్‌ని చూడటానికి జనం విరగబడి వచ్చారు. 2018 వింటర్ ఒలింపిక్స్‌లో కిక్కన్ రాండాల్‌తో కలిసి ఈ ఆటలో అమెరికాకి మొదటి బంగారు పతకం తెచ్చింది ఆవిడే. అలాంటి బాట మీద మనం మొదటి అడుగులు వేయొచ్చు, అదీ కొద్ది డాలర్ల పాస్‌తో. పాస్ సంగతి మాత్రం ముందే చూసుకోండి. స్టేట్ ట్రైల్స్‌కి మినెసోటా రాష్ట్ర స్కీ పాస్ కావాలి, కానీ జిల్లా పార్కులవీ, నగర పార్కులవీ వేరు పాసులు, ఒకటి ఉంటే అన్నిచోట్లా చెల్లదు.

క్లాసు తీసుకోండి. యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చు అనిపిస్తుంది, నేనూ చూశాను, కానీ మన శరీరం ఏం చేస్తోందో మనకి కనిపించదు. నేను ముందుకి వంగాననుకున్న ప్రతిసారీ నిజానికి వెనక్కే ఉన్నానని పక్కన నిలబడి చూసినావిడ చెబితేగానీ తెలియలేదు. రెండు క్లాసులు చాలు, ఒకటి మొదటి వారంలో, రెండోది నాలుగైదు సార్లు సొంతంగా తిరిగాక. రెండోది మొదటిదానికన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అప్పటికి ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

సామాను

మొదటి సీజన్ అద్దెకే. పార్కుల్లోనే స్కీలు, బూట్లు, పోల్స్ మూడూ కలిపి ఇస్తారు. అద్దెకి తీసుకునేటప్పుడు మీ ఎత్తు కాదు ముఖ్యం, మీ బరువు, అదీ నిజమైన బరువు చెప్పండి. ఎందుకో చెబుతాను, ఇది తెలిస్తే టెక్నిక్ కూడా సగం అర్థమవుతుంది.

స్కీని నేల మీద పెట్టి పక్కనుంచి చూస్తే మధ్యభాగం విల్లులా పైకి లేచి ఉంటుంది. ఆ లేచిన భాగం అడుగున మంచుని పట్టుకునే ఏర్పాటు ఉంటుంది, చేప పొలుసుల్లాంటి చెక్కుడు గానీ, అంటించిన మోహేర్ (ఒక రకం మేక ఊలు) పట్టీ గానీ, లేదా పట్టు కోసం రాసే వ్యాక్స్ గానీ. మీరు రెండు కాళ్ళ మీద సమానంగా నిలబడితే ఆ విల్లు పూర్తిగా కిందికి నొక్కుకోదు, ముందూ వెనకా ఉన్న నున్నటి భాగాలే మంచుకి తగిలి స్కీ హాయిగా జారుతుంది. బరువంతా ఒక్క కాలి మీద పడినప్పుడు విల్లు అణిగి, పట్టు భాగం మంచుకి తగులుతుంది, అప్పుడు కాలితో తన్ని ముందుకి పోగలం. స్కీ మీ బరువుకి మరీ గట్టిదైతే ఎంత నొక్కినా అణగదు, కాలు వెనక్కి జారిపోతూ ఉంటుంది. మరీ మెత్తదైతే ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది, జారనే జారదు. మొదటిసారి నాకు ఒక షాపులో నా బరువు అడక్కుండా ఎత్తు చూసి స్కీలిచ్చారు. గంటసేపు ప్రతి అడుగుకీ వెనక్కి జారి, ఇది నా వల్ల కాదేమో అనుకున్నాను. తర్వాతి వారం సరైన జత ఎక్కగానే అదే ట్రైల్, అదే నేను, కానీ కాలు పట్టింది. కాబట్టి మొదటి రోజు ఏమీ కుదరకపోతే మిమ్మల్ని మీరు నిందించుకోకముందు స్కీ మార్చి చూడండి.

సరైనదో కాదో చూడటానికి కాగితం పరీక్ష ఉంది. గట్టి చదునైన నేల మీద స్కీలు పెట్టి ఎక్కి నిలబడండి, ఇంకొకరు బూటు కింద స్కీకీ నేలకీ మధ్య ఒక కాగితం దూర్చి ముందుకీ వెనక్కీ లాగాలి. రెండు కాళ్ళ మీద ఉన్నప్పుడు కాగితం తేలిగ్గా కదలాలి, బరువంతా ఒక కాలికి మార్చినప్పుడు బిగుసుకుపోవాలి.

వ్యాక్స్ రాసే రకం మొదట్లో వద్దు. మంచు వేడిని బట్టి రంగు రంగుల వ్యాక్స్ మార్చాలి, అది మంచి విద్యే గానీ ఇంకో సీజన్‌కి ఉంచుకోండి. పొలుసుల రకం లేదా మోహేర్ పట్టీ రకం తీసుకోండి. ఇవి ‘వ్యాక్స్ అక్కర్లేనివి’ అని అమ్ముతారు గానీ జారే భాగాలకి అప్పుడప్పుడు లిక్విడ్ గ్లైడ్ వ్యాక్స్ రుద్దాలి, లేకపోతే ఎండిన చర్మంలా తెల్లబారి మొరాయిస్తాయి. పాత సామాన్ల అమ్మకాల్లో వ్యాక్స్ డబ్బాలు చవగ్గా దొరుకుతాయి, వాటి మీద ఫ్లోరో (ఫ్లోరిన్ రసాయనాలు) అని ఉంటే ముట్టుకోకండి. ఆ రసాయనాలు నీళ్ళలో, ఒంట్లో ఎప్పటికీ కరగకుండా మిగిలిపోతాయని మినెసోటా 2025 జనవరి నుంచి స్కీ వ్యాక్స్‌లో వాటి అమ్మకాన్ని నిషేధించింది.

బూటు మెత్తటి రన్నింగ్ షూలా సరిపోవాలి, వేళ్ళు కదలాలి, మడమ మాత్రం బూటులో లేవకూడదు. ఒక్క జత ఉన్ని సాక్స్ చాలు, చలికని రెండు జతలు బిగిస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పోల్స్ క్లాసిక్‌కి చంక దాకా రావాలి, 170 సెంటీమీటర్ల మనిషికి 140 నుంచి 145 దాకా. పోల్ పట్టీలో చెయ్యి కింది నుంచి పైకి దూర్చి, పట్టీని కూడా కలిపి పిడి పట్టుకోండి. ఇలా అయితే వెనక్కి తోసినప్పుడు పిడి వదిలేసినా పట్టీయే తోస్తుంది, వేళ్ళు బిగించక్కర్లేదు. చాలామంది పైనుంచి దూరుస్తారు, అరగంటకల్లా అరచేతులు నొప్పెడతాయి.

బట్టల విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటే, ఎక్కువ వేసుకోవడం. ఆఫీసుకి వేసుకునే లావుపాటి కోటు వేసుకుని స్కీ చేస్తే పది నిమిషాలకి చెమట, ఆగగానే ఆ చెమటే ఐసు. కారు దిగి నిలబడితే కొంచెం వణుకొచ్చేంతే వేసుకోండి. ఒంటికి ఆనుకుని పల్చటి ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, దాని మీద ఫ్లీస్, పైన గాలి ఆపే పల్చటి జాకెట్. కాటన్ ఒక్క నూలుపోగు కూడా వద్దు, లోపలి బనియన్‌తో సహా. కళ్ళజోడు ఉన్నవాళ్ళు మెడకి చుట్టిన బఫ్ ముక్కు మీదకి లాగితే అద్దాలు వెంటనే మసకబారతాయి, గడ్డం దాకే ఉంచి, గాలి బాగా కొట్టినప్పుడు మాత్రం పైకి లాగండి. నీళ్ళ బాటిల్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసి తలకిందులుగా పెట్టుకోండి, గడ్డ కట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళుంటాయి. తినడానికి నేను సున్నుండలు పట్టుకెళ్తాను, జాకెట్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా. బయటి జేబులో పెడితే నెయ్యి గట్టిపడి పళ్ళకి రాదు.

మొదటి రోజు: పోల్స్ పక్కన పెట్టండి

నా మొదటి క్లాసులో టీచరు, డెబ్బైకి దగ్గర్లో ఉన్న ఆవిడ, నా చేతుల్లోంచి రెండు పోల్స్ తీసుకుని పది అడుగుల దూరంలో మంచులో గుచ్చింది. ఇవి లేకుండా నా దగ్గరికి రా అంది. చేతిలో ఊతం పోయేసరికి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఇప్పుడు ఎవరికి నేర్పినా నేనూ అదే చేస్తాను. పోల్స్ ఉంటే పెద్దవాళ్ళు వాటి మీద వాలిపోతారు, కాళ్ళు ఎప్పటికీ నేర్చుకోవు.

ముందు నిలబడటం. వర్షాకాలంలో పొలం గట్టు మీద నడిచారా? బురదగా, జారుతూ, ఒకవైపు నీళ్ళు నిండిన మడి. అప్పుడు నిటారుగా నడవం, మోకాళ్ళు కొంచెం వదులు చేసి, చీలమండల దగ్గర ముందుకి వంగి, బరువు పాదం ముందుభాగంలో పెట్టి, కాలివేళ్ళతో గట్టుని పట్టుకుని నడుస్తాం. స్కీ మీద నిలబడాల్సింది అచ్చంగా అలాగే. నడుము దగ్గర వంగకూడదు, చీలమండ దగ్గర వంగాలి. కళ్ళు స్కీల మీద కాకుండా ఇరవై అడుగుల ముందు. భయమేస్తే శరీరం తనంతట తనే వెనక్కి వాలుతుంది, వెనక్కి వాలితే స్కీ ముందుకి పారిపోయి మనం వెల్లకిలా పడతాం. భయమేసినప్పుడల్లా ముందుకి వంగాలి. ఇది మనసుకి ఎక్కడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

తర్వాత పడటం. చదునైన చోట కావాలని ఒక పక్కకి, పిరుదుల మీద కూర్చున్నట్టు పడండి, చేతులు వెనక ఆనించకండి, మణికట్లకి దెబ్బ. లేవడానికి, ముందు వెల్లకిలా తిరిగి స్కీలు గాల్లోకి ఎత్తి చిక్కు విడదీయండి, రెండూ పక్కపక్కనే వచ్చేలా ఒక పక్కకి దించండి, వాలు ఉంటే స్కీలు వాలుకి అడ్డంగా, మీకన్నా కింది వైపు ఉండాలి. మోకాళ్ళ మీదకి రండి, ఒక పాదం ముందుకి తెచ్చి ఒంటి మోకాలి మీద ఉన్నట్టు కూర్చుని, ముందు తొడ మీద చేతులు ఆనించి లేవండి. ఐదుసార్లు చేయండి. లేవగలను అన్న నమ్మకం వచ్చాక పడతానన్న టెన్షన్ సగం తగ్గిపోతుంది, ఒళ్ళు వదులవుతుంది, ఒళ్ళు వదులైతే పడటమే తగ్గుతుంది.

ఇప్పుడు అసలు పని. ఒక కాలికి మాత్రమే స్కీ తగిలించండి, రెండో కాలు ఉత్త బూటుతో. చిన్నపిల్లలు మూడు చక్రాల స్కూటర్ తోసినట్టు, బూటు కాలితో ఒక్క తోపు తోసి, స్కీ ఉన్న కాలి మీద నిలబడి, ఆగేదాకా జారండి. మళ్ళీ తోయండి. ఇరవైసార్లు. తర్వాత కాలు మార్చి ఇంకో ఇరవై. ఒక కాలు మంచిగా, ఒకటి బెదురుగా ఉంటుంది, బెదురు కాలికి రెట్టింపు టైమివ్వండి. చేయాల్సిందల్లా జారుతున్నంతసేపు ముక్కు, మోకాలు, బొటనవేలు ఒకే గీత మీద ఉంచడం. ముక్కు రెండు కాళ్ళ మధ్యలో ఉందంటే బరువు ఇంకా మధ్యలోనే ఉందన్నమాట.

రెండు స్కీలూ వేసుకున్నాక గాడిలోకి దిగి మామూలుగా నడవండి, చేతులు నడకలో ఊగినట్టే ఊపండి. మొదట కాళ్ళు ఈడుస్తారు. ఇంట్లో అలా నడిస్తే పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు, ఇక్కడా ఆ తిట్టే గుర్తుపెట్టుకోండి. ఈడవడం అంటే బరువు ఏ కాలి మీదా పూర్తిగా లేదని అర్థం. ఒక కాలు కిందికి నొక్కి వదిలేయండి, రెండో కాలి మీదకి ఒళ్ళంతా వెళ్ళిపోవాలి, తన్నిన కాలు వెనక గాల్లోకి లేవాలి. ‘ఒకటి’ అని ఒక కాలి మీద, జారినంతసేపు ఆగి, ‘రెండు’ అని ఇంకో కాలి మీద. తొందరపడకండి. చాలామంది ఎక్కువ అడుగులు వేస్తే వేగం వస్తుందనుకుంటారు, నిజానికి ఒక్కో అడుగు మీద ఎంతసేపు జారామన్నదే లెక్క. అప్పట్లో నేను ఒక పని చేసేదాన్ని, ఇప్పటికీ చేస్తాను, ట్రైల్ పక్కన ఉన్న రెండు చెట్ల మధ్య ఎన్ని అడుగులు పట్టాయో లెక్కపెడతాను. మొదటిరోజు అరవై పైచిలుకు. నెల తర్వాత అదే చెట్ల మధ్య ముప్పై ఎనిమిది.

ఇది కుదిరిన క్షణం చెవికి తెలుస్తుంది. ఈడుస్తున్నంతసేపు మంచు మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టు తెంపు లేని చప్పుడు. బరువు పూర్తిగా మారిన రోజు ఆ చప్పుడు విడివిడిగా తెగి, ఒక ‘స్స్’, చిన్న నిశ్శబ్దం, మళ్ళీ ఒక ‘స్స్’. నాకది మూడోసారి వెళ్ళినప్పుడు, నాలుగైదు అడుగుల పాటు మాత్రమే వినపడింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. దానికోసమే వారమంతా ఎదురుచూశాను.

పోల్స్ అప్పుడు తీసుకోండి. ఎడమ కాలు ముందుకి వెళ్తే కుడి చెయ్యి ముందుకి, మామూలు నడకే, ఆలోచిస్తేనే తప్పుతుంది. పోల్ మొన బూటు పక్కన పడాలి, ఎప్పుడూ వెనక్కి వాలి ఉండాలి. రెండు పోల్స్ ఒకేసారి గుచ్చి, పొట్ట కండరాలతో ముందుకి ముడుచుకుంటూ తోయడం డబుల్ పోలింగ్, కొంచెం వాలుగా దిగే చోట అది హాయి. చేతులతో లాగితే భుజాలు పోతాయి, ఒళ్ళు బరువు పోల్స్ మీద వేయాలి.

ఎక్కడం, దిగడం

ఎక్కడం సులువు. అడుగులు చిన్నవి చేసి, గాడిలోనే చిన్నగా పరిగెత్తినట్టు ఎక్కండి. కాళ్ళు వెనక్కి జారితే గాడి బయటికి వచ్చి, స్కీల ముందుకొనలు విప్పి, మడమలు దగ్గర పెట్టి, లోపలి అంచులు మంచులో దిగేలా ఒక్కో అడుగు వేయండి. వెనక్కి తిరిగి చూస్తే చేపముల్లు గీసినట్టు గుర్తులుంటాయి, దాన్ని హెరింగ్‌బోన్ అంటారు. అదీ కష్టమైతే వాలుకి అడ్డంగా తిరిగి, మెట్లెక్కినట్టు పక్కకి పక్కకి ఎక్కండి.

దిగడం దగ్గరే పెద్దవాళ్ళు మానేస్తారు, అందుకే దీని మీద రెండు పూర్తి రోజులు పెట్టండి. పదడుగుల వాలు, కింద చదును ఉండి దానంతటదే ఆగిపోయే చోటు వెతుక్కోండి. మొదట ఊరికే దిగండి, మోకాళ్ళు వంచి, చేతులు ముందు ట్రే పట్టుకున్నట్టు పెట్టి. తర్వాత స్నోప్లౌ: ముందుకొనలు దగ్గర, మడమలు దూరం, మోకాళ్ళు కొంచెం లోపలికి, లోపలి అంచులతో మంచుని గీకుతూ. గీకుతున్న చప్పుడు రావాలి, చప్పుడు లేదంటే అంచు దిగలేదు. మడమలని బయటికి తోయడానికి బలం తొడల నుంచి వస్తుంది, భుజాలు బిగిస్తే ఏమీ రాదు. మలుపు తిరగాలంటే ఎటు తిరగాలో దానికి ఎదురు కాలి మీద బరువు పెంచండి, కుడి కాలు నొక్కితే ఎడమకి తిరుగుతారు. ఇక్కడా అదే సూత్రం, బరువు.

గాడిలో ఉండగా వాలు మొదలైతే ఒక స్కీ గాడిలోనే ఉంచి రెండోదాన్ని బయటికి తీసి సగం ప్లౌ చేయొచ్చు. వాలు పైన నిలబడి కింద మలుపు చూసి గుండె దడదడలాడితే స్కీలు విప్పి చేత పట్టుకుని, బాట అంచున నడిచి దిగండి. నేను ఇప్పటికీ ఐసు గడ్డకట్టిన రోజుల్లో ఒకటి రెండు చోట్ల అలాగే దిగుతాను. ట్రైల్ మ్యాపులో పచ్చ వృత్తం సులభం, నీలం చతురస్రం ఓ మాదిరి, నల్ల డైమండ్ కష్టం. మొదటి నెల పచ్చదే. ఒకవేళ అదుపు తప్పుతోందనిపిస్తే చెట్టుకో మనిషికో తగిలేదాకా ఆగకుండా ముందే పక్కకి కూర్చుండిపోండి, అది ఓటమి కాదు, అదే సరైన బ్రేకు.

ట్రైల్ మర్యాద

బూట్లతో గాడి మీద నడవకండి. పొద్దున్నే ఎవరో తీరిగ్గా వేసిన ముగ్గు తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, పైగా వెనక వచ్చేవాళ్ళ స్కీ ఆ గుంటలో పడి తూలుతుంది. పడి లేచాక మీరు చేసిన గుంట పూడ్చి కదలండి. దిగేవాళ్ళకి దారివ్వండి, వాళ్ళకి ఆగడం కష్టం. వెనకనుంచి ‘ట్రాక్’ అని కేక వినిపిస్తే కోప్పడుతున్నారని కాదు, దాటి వెళ్తామని చెప్పడం, కుడికి జరిగితే చాలు. చాలా బాటలు వన్‌వే, బాణం గుర్తు చూసుకోండి. కుక్కల్ని మామూలు స్కీ ట్రైల్స్ మీదకి తేనివ్వరు.

ఎలాంటి రోజు వెళ్ళాలి

కొత్తవాళ్ళకి 15 నుంచి 28 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 9 నుంచి మైనస్ 2 సెల్సియస్ బంగారం లాంటి వాతావరణం. సున్నా ఫారెన్‌హీట్ కిందికి పోయిన రోజు మంచు ఇసకలా ఉంటుంది. స్కీ కింద రాపిడికి పుట్టి జారుడునిచ్చే పల్చటి నీటిపొర అంత చలిలో సరిగా ఏర్పడదు, ఎంత తన్నినా కదలం, మన తప్పనుకుంటాం. అలాగే కరిగి మళ్ళీ గడ్డకట్టిన మర్నాడు పొద్దున గాడి అద్దంలా ఉంటుంది, ఆ రోజు ఇంట్లో ఉండి ఫిల్టర్ కాఫీ తాగండి. కొత్త మంచు పడి సరిగ్గా గడ్డకట్టే వేడిలో ఉన్నప్పుడు మోహేర్ పట్టీకి మంచు ముద్దలు అంటుకుంటాయి, దానికో స్ప్రే దొరుకుతుంది, ముందే కొట్టుకుని వెళ్ళాలి. ట్రైల్ ఎలా ఉందో వెళ్ళేముందు స్కిన్నీస్కి వెబ్‌సైట్లో చూడండి, ఆ రోజు స్కీ చేసొచ్చినవాళ్ళే అక్కడ రాస్తారు. ముక్కు, చెంప, చెవి తెల్లబడి మొద్దుబారితే వెంటనే లోపలికి రండి, ఇంకో రౌండు అని లాగకండి. మన ఒంటిరంగు మీద ఆ తెలుపు తొందరగా కనపడకపోవచ్చు, కాబట్టి స్పర్శ పోయిందా అన్నదే చూసుకోండి.

వారానికి ఒకసారి రెండు గంటలు వెళ్ళేకన్నా మూడుసార్లు నలభై నిమిషాలు వెళ్ళడం మేలు, బ్యాలెన్స్ అనేది అలవాటు మీద వస్తుంది. మంచు లేని నెలల్లో పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, కుడి రెండు నిమిషాలు, సాయంత్రం ఎడమ. బడిలో తీయించిన గుంజీలు ఇప్పుడు ఇష్టంగా తీయండి, తొడలకి అంతకు మించినది లేదు.

రెండో ఏడాదికి ఒక లక్ష్యం పెట్టుకుంటే ఉత్సాహంగా ఉంటుంది. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో హేవర్డ్ దగ్గర 1973 నుంచి జరుగుతున్న అమెరికన్ బిర్కెబైనర్ ఉంది. 1206లో నార్వేలో ఇద్దరు సైనికులు పసివాడైన రాకుమారుడు హాకోన్‌ని స్కీల మీద కొండలు దాటించి కాపాడిన కథ ఆ పేరు వెనక ఉంది. అందులో పొడవైన రేసు యాభై కిలోమీటర్ల పైచిలుకు, అది తర్వాతి మాట, చిన్న దూరాలూ ఉంటాయి. మన మినెసోటాలోనే మోరా అనే ఊళ్ళో వాసలోపెట్ జరుగుతుంది, స్వీడన్‌లో 1922 నుంచి జరుగుతున్న తొంభై కిలోమీటర్ల రేసు పేరు మీద. ఈ ఆట మనది కాదని ఎవరైనా అంటే, మంచే పడని కర్ణాటకలోని కొడగు నుంచి వచ్చిన భవానీ తెక్కడ నంజుండ భారతదేశం తరఫున క్రాస్ కంట్రీ స్కీ పోటీల్లో దిగుతోందని చెప్పండి.

ఇంటికొచ్చాక స్కీలు పొడిగుడ్డతో తుడిచి, బూట్ల లోపలి అట్టలు బయటికి తీసి ఆరబెట్టండి, తడి బూట్లు కారులో వదిలేస్తే మర్నాడు కాలు పెట్టలేరు. ఇక మర్నాడు పొద్దున నొప్పులు ఎక్కడున్నాయో జాగ్రత్తగా చూసుకోండి. పిరుదులు, తొడల లోపలి వైపు, పొట్ట పట్టేసినట్టుంటే సరిగ్గానే చేశారు. భుజాలు, మెడ, మణికట్లు నొప్పిగా ఉంటే పోల్స్ మీద వాలిపోయారన్నమాట, ఈసారి వెళ్ళినప్పుడు మొదటి ఇరవై నిమిషాలు వాటిని కారులోనే ఉంచండి.